నల్లగీత లేకపోతే పని తేలిక కాదు

సంపాదకులకు నమస్కారం.

మీ ఆదివారం అనుబంధంలో అమెరికా చిత్రకారిణి హెలెన్ ఫ్రాంకెంథాలర్ ఉడ్‌కట్‌ల గురించి, అంటే చెక్క దిమ్మెలతో తీసిన అచ్చు చిత్రాల గురించి వచ్చిన వ్యాసం చదివాం. జపాన్ అచ్చుకళ ఆమెను ఎలా ఆకట్టుకుందో బాగా రాశారు. అయితే గుర్తుపట్టే ఆకారాలు లేని అమూర్త చిత్రం కాబట్టి రంగులు కాస్త అటూ ఇటూ జరిగినా ఇబ్బంది లేదన్న మాట మాత్రం చెక్క దిమ్మెలతో పనిచేసేవాళ్లకు మింగుడుపడదు. నిజానికి అక్కడే ఇబ్బంది ఎక్కువ.

ఉకియో-ఎ అనే జపాన్ పాత అచ్చు చిత్రాలకు ముందుగా నల్లగీతల దిమ్మె చెక్కుతారు. ముఖానికీ, బట్టల మడతలకూ, సముద్రపు అలకూ ఆ గీతే హద్దు. తర్వాత వేరే దిమ్మెలతో అద్దే రంగు అర మిల్లీమీటరు తప్పినా ఆ గీత కిందికి పోయి కనబడదు. అమూర్త చిత్రంలో ఆ ఆసరా ఉండదు. నీలం, గులాబీ రంగులు నేరుగా ఒకదాన్నొకటి ఆనుకోవాలి. ఎడం పడితే మధ్యలో కాగితం తెల్లటి చారలా బయటపడుతుంది, ఒకదానిమీదొకటి ఎక్కితే మురికిరంగు పట్టీ ఏర్పడుతుంది.

1973 నాటి 'ఈస్ట్ అండ్ బియాండ్' కోసం ఫ్రాంకెంథాలర్ ప్లైవుడ్‌ను జిగ్‌సా అనే సన్నటి రంపంతో ముక్కలుగా కోశారు. ఆమెకు చాలా ముందే నార్వే చిత్రకారుడు ఎడ్వర్డ్ మంక్ దిమ్మెను రంపంతో కోసి, ముక్కలకు వేర్వేరు రంగులు పూసి అచ్చు తీశాడు. అతని అచ్చుల్లో ఆ ముక్కల సందులు తెల్లగీతలుగా మిగిలాయి. ఆ గీతలు తనకు వద్దనుకుని, అవి పడకుండా ముద్రించే పద్ధతిని ఆమె రూపొందించుకున్నారు. రంగులు ఎటు జరిగినా ఫర్వాలేదనుకునే మనిషికి ఈ అవస్థ దేనికి?

రంగును సరిగ్గా దాని చోట కూర్చోబెట్టడానికి జపాన్ పద్ధతిలో ప్రతి దిమ్మె మీదా 'కెంతో' అనే గుర్తులు రెండు చెక్కుతారు. కుడివైపు కింది మూలలో 'L' ఆకారంలో ఒకటి, అదే అంచు వెంబడి ఎడమవైపు తిన్నగా ఒకటి. కాగితం మూలను మొదటిదానికి, అంచును రెండోదానికి ఆనించి మెల్లగా వదలాలి. గుర్తు లోతు చాలకపోతే కాగితం దానిమీదికి ఎక్కేస్తుంది. మరీ లోతైతే అంచు కిందికి వంగి మడతపడుతుంది.

రంగు తప్పినప్పుడు ఎలా తప్పిందో చూస్తే కారణం దొరుకుతుంది. అన్ని కాగితాల మీదా ఒకే వైపు, ఒకే కొలతలో తప్పితే దోషం కెంతోది. ఉలితో కొద్దిగా చెక్కడమో, సన్నటి చెక్క పేడు అంటించడమో చేయాలి. ఒక్కో కాగితం మీద ఒక్కోలా తప్పితే దోషం చేతిది. గుర్తుల దగ్గర సరిపోయి, ఎదుటి అంచుకు పోయేకొద్దీ తేడా పెరిగితే దోషం తేమది. అన్నిటికన్నా సతాయించేది ఇదే. కోజో అనే మల్బరీ జాతి చెట్టు నారతో చేసిన కాగితాన్ని ముందురోజే తడిపి, దొంతిగా పేర్చి, ప్లాస్టిక్ చుట్టి ఉంచుతారు. తడిసిన కాగితం సాగుతుంది, ఆరితే ముడుచుకుంటుంది. మొదటి రంగు పడినప్పటి తేమ చివరి రంగుదాకా నిలవకపోతే ఎంత బాగా చెక్కిన దిమ్మె అయినా సరిపోదు. అలాగని తడిగా రోజుల తరబడి ఉంచితే బూజు మచ్చలు వస్తాయి.

వ్యాసంలో 'వాటంతటవే కరిగిన అంచులు' అన్నవి కూడా వాటంతటవే రావు. ముదురు నుంచి లేతకు దిగే ఆ రంగును 'బొకాషి' అంటారు. దిమ్మెను తడిగుడ్డతో తుడిచి, బ్రష్‌కు ఒక చివరే రంగు అంటించి, దారి మార్చకుండా అటూ ఇటూ లాగుతారు. నీరు ఎక్కువైతే రంగు చెక్క నార వెంట పాకి అంచు దాటిపోతుంది. తక్కువైతే కరగాల్సిన చోట గట్టి గీత పడుతుంది. రంగులో కలిపే బియ్యప్పిండి జిగురు చాలకపోయినా చిక్కే, నువ్వులు చల్లినట్టు చుక్కలు తేలతాయి. కొందరు ఆ చుక్కల్ని కావాలనే తెప్పిస్తారు, అది వేరే సంగతి.

2000 నాటి 'మేడమ్ బటర్‌ఫ్లై' మూడు కాగితాలు కలిపి దాదాపు రెండు మీటర్ల వెడల్పు. దానికి 46 దిమ్మెలు, 102 రంగులు. అంటే ఒక్కో దిమ్మెకు సగటున రెండుకు పైగా రంగులు. నీళ్లలో ఒలికినట్టు కనిపించే ఆ చిత్రం వెనక ఉన్న లెక్క అది. దిమ్మె మీద సాండ్‌పేపరు, పళ్ల డాక్టర్ల పనిముట్లతో గీకి చెక్క గీతల్ని పైకి తేవడం కూడా ఆమెకు అలవాటే.

ఒక విన్నపం. ఇలాంటి చిత్రాలు వేసేటప్పుడు కింద దిమ్మెల సంఖ్య, రంగుల సంఖ్యతో పాటు చెక్కినవారి పేరు, అచ్చు తీసినవారి పేరు కూడా ఇవ్వండి. 1983లో 'సెడార్ హిల్'ను క్యోటోలో ముద్రించింది తదాషి తోదా. 'టేల్స్ ఆఫ్ గెంజి' వరసకు ఆమె చెక్క పలకల మీద రంగులతో వేసి ఇచ్చిన చిత్రాలను దిమ్మెలుగా మలిచింది యసుయుకి షిబతా. మీ వ్యాసంలో ఈ రెండు పేర్లూ లేవు.

ఇట్లు,
చెక్క దిమ్మెలతో అచ్చులు తీసే ఇద్దరు పాఠకులు