ఆ క్లాసు జరిగేటప్పుడు మగపిల్లల్ని గ్రౌండ్‌కి పంపకండి సార్: విద్యాశాఖ మంత్రి గారికి బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ విద్యాశాఖ మంత్రి గారికి నమస్కారం.

నేను నెల్లూరు జిల్లాలో ఒక జడ్పీ హైస్కూల్లో సోషల్ చెప్తాను సార్. నేను అడిగేది ఒకటే. ఆడవాళ్ళ మీద జరిగే హింస గురించి, ఆడా మగా సమానం అనే దాని గురించి చెప్పే క్లాసులో మగపిల్లల్ని కూడా కూర్చోబెట్టండి, అది కూడా ఏడాదికి ఒక రోజు ర్యాలీ చేసి వదిలేయడం కాదు, టైంటేబుల్లో పీరియడ్ పెట్టి.

ఇప్పుడు ఏం జరుగుతోందో చెప్తాను. మహిళా పోలీసులో, ఏఎన్ఎం గారో, హింసకి గురైన ఆడవాళ్ళకి సాయం చేసే సఖి సెంటర్ వాళ్ళో స్కూలుకి వస్తారు. ఆడపిల్లలందర్నీ ఒక రూంలో కూర్చోబెట్టి గుడ్ టచ్ బ్యాడ్ టచ్ చెప్తారు, ఆడవాళ్ళ హెల్ప్‌లైన్ 181, పిల్లల హెల్ప్‌లైన్ 1098 నంబర్లు రాయిస్తారు, ఆడవాళ్ళ రక్షణకి పోలీసులు తెచ్చిన శక్తి యాప్ ఎట్లా వాడాలో చూపిస్తారు, ఎవడన్నా వెంటపడితే ఎవరికి చెప్పాలో చెప్తారు. మంచి పనే, వాళ్ళు ఓపిగ్గా చెప్తారు కూడా. కానీ ఆ గంటసేపు మగపిల్లలు ఎక్కడుంటారంటే గ్రౌండ్లో, కబడ్డీ ఆడుకుంటా ఉంటారు. జాగ్రత్తగా ఉండాల్సిన బరువంతా పదమూడేళ్ళ పిల్ల నెత్తిన పెట్టేసి, వెంటపడకూడదు అని ఎవరికైతే చెప్పాలో వాళ్ళని ఆటకి పంపిస్తున్నాం. ఇది మా ఒక్క స్కూల్లోనే కాదు, నాకు తెలిసిన టీచర్లు చాలామంది ఇదే చెప్తారు.

ఈ మధ్య ఎనిమిదో క్లాసులో ప్రాథమిక హక్కుల పాఠం చెప్తా, ఇంట్లో భార్యని కొట్టొచ్చా అని అడిగా. "కూర మాడిస్తే కొట్టరా మేడం" అన్నాడు వెనక బెంచీ పిల్లాడు, చాలా మామూలుగా, వాన పడితే తడవమా అన్నట్టు. వాణ్ణి తిట్టాలనిపించలేదు నాకు, వాడు చూసింది చెప్పాడు అంతే. నన్ను కుదిపేసింది ఏంటంటే ముందు వరసలో బాగా చదివే ఆడపిల్ల, "ఊరికే ఎందుకు కొడతారు మేడం, ఈమె ఏదో చేసే ఉంటది" అంది, పక్కనున్న పిల్లలు తలూపారు.

2019-21లో చేసిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఇదే ప్రశ్న అడిగారు సార్. చెప్పకుండా బయటికి పోవడం, ఎదురు మాట్లాడటం, వంట సరిగ్గా చేయకపోవడం, అత్తమామలకి గౌరవం ఇవ్వకపోవడం, ఇట్లా ఏడు కారణాలు చెప్పి వీటిలో దేనికైనా మొగుడు కొట్టడం సబబేనా అంటే మన రాష్ట్రంలో దాదాపు 84 శాతం ఆడవాళ్ళు ఏదో ఒక దానికి అవును అన్నారు. తెలంగాణలోనూ అంతే. మగవాళ్ళలో అవునన్నవాళ్ళు ఇంతకంటే తక్కువే. అదే సర్వేలో మన దగ్గర పెళ్ళైన ఆడవాళ్ళలో 30 శాతం మంది మొగుడి చేతిలో హింస అనుభవించామని చెప్పారు. దెబ్బలు తినడం మామూలే అనుకునే ఇంట్లో పెరిగిన పిల్ల 181కి ఫోన్ ఎందుకు చేస్తుంది, చేయాల్సినంత తప్పు జరిగిందని ఆమెకి అనిపించాలి కదా ముందు.

మనం చేసిందంతా జరిగిపోయాక చేసిందే. 2008లో వరంగల్లో యాసిడ్ దాడి తర్వాత ఎన్‌కౌంటర్ జరిగితే జనం సంబరపడ్డారు, 2019 డిసెంబర్లో షాద్‌నగర్ దగ్గర దిశ కేసు నిందితుల ఎన్‌కౌంటర్ అయితే పోలీసుల మీద పూలు చల్లారు. ఆ డిసెంబర్లోనే మన అసెంబ్లీ ఆడవాళ్ళ మీద నేరాలకి దిశ బిల్లు పాస్ చేసింది, 21 రోజుల్లో తీర్పు అన్నారు, దానికి రాష్ట్రపతి ఆమోదం రానేలేదు. దిశ యాప్ వచ్చింది, దిశ పోలీస్ స్టేషన్లు వచ్చాయి. అయినా 2021 ఆగస్టు 15న గుంటూరులో పట్టపగలు నడిరోడ్డు మీద ఇంజినీరింగ్ చదివే అమ్మాయిని పొడిచి చంపేశాడు ఇన్‌స్టాగ్రామ్‌లో పరిచయమైన వాడు. ఏడాది తిరక్కుండానే కోర్టు ఉరిశిక్ష వేసింది, త్వరగానే వేసింది. కానీ ఆ పిల్ల పోయింది. వాడు కూడా ఏదో ఒక బళ్ళో ఎనిమిదో క్లాసు చదివే ఉంటాడు కదా సార్, ఆడపిల్ల కాదంటే తల దించుకుని పక్కకి పోవాలని వాడికి ఎవరైనా చెప్పారా అన్నది నా బాధ.

చదువుతో మనుషులు మారతారా అని అడిగేవాళ్ళకి మా జిల్లానే చూపిస్తా. 1990ల మొదట్లో నెల్లూరులో అక్షరాస్యత ఉద్యమం నడిచింది, ఊరూరా రాత్రిబడులు పెట్టారు. పొద్దంతా కూలికి పోయొచ్చిన ఆడవాళ్ళు లాంతరు కింద కూర్చుని అక్షరాలు దిద్దుకుంటా, సారా తాగొచ్చి మొగుడు కొట్టే సంగతి, కూలి డబ్బులు లాక్కుపోయే సంగతి ఒకరితో ఒకరు చెప్పుకున్నారు. వాచకాల్లో కూడా వాళ్ళ బతుకులే పాఠాలుగా ఉన్నాయి. సారా వద్దనే పోరాటం దూబగుంట ఊళ్ళో రోశమ్మ గారితో మొదలైంది, 1992 కల్లా జిల్లా అంతా అంటుకుంది, సారా వేలంపాటలు జరగనివ్వలేదు, 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం చేయాల్సొచ్చింది ప్రభుత్వానికి. బయటి నుంచి ఎవరో వచ్చి ఉపన్యాసం ఇస్తే జరిగింది కాదిది, రోజూ ఒకచోట కూర్చుని మాట్లాడుకుంటే జరిగింది.

బడి పిల్లల మీద చేసి చూసింది కూడా ఉంది. హర్యానాలో ప్రభుత్వ స్కూళ్ళలో రెండేళ్ళకి పైగా, ఆడా మగా పిల్లల్ని కలిపి కూర్చోబెట్టి, ఇంట్లో పని ఎవరు చేస్తారు, చెల్లిని ఎందుకు చదువు మాన్పిస్తారు లాంటివి మాట్లాడించారు. బ్రేక్‌త్రూ అనే సంస్థ నడిపింది. పరిశోధకులు లెక్క కడితే పిల్లల్లో ఉన్న పాత ఆలోచనల్లో 16 శాతం దాకా మారాయి, మగపిల్లలు ఇంటి పని కొంచెం ఎక్కువ చేస్తున్నామని చెప్పారు. 16 శాతమేనా అనొచ్చు ఎవరైనా, అప్పుడప్పుడూ ఒక పీరియడ్‌తో ఇంత వస్తే నాకు చాలా ఎక్కువే అనిపిస్తుంది.

కాబట్టి సార్, ఆరు నుంచి పది దాకా పదిహేను రోజులకి ఒక పీరియడ్ ఇవ్వండి, మార్కులు పరీక్షలు వద్దు, సిలబస్ కాలేదని ఆ పీరియడ్‌ని ఇంకో సబ్జెక్టుకి లాక్కోకుండా ఆర్డర్ ఇవ్వండి. చెప్పేది లేడీ టీచర్ల పనే అని మా మీద వదిలేయొద్దు, పీఈటీ సార్లకి, లెక్కల సార్లకి కూడా ట్రైనింగ్ ఇవ్వండి, మగపిల్లలు వాళ్ళ మాట ఎక్కువ వింటారు. పొద్దున్నే ఆడపిల్లల చేతికి చీపురు, మగపిల్లల చేతికి బెల్లు కొట్టే కడ్డీ ఇచ్చే అలవాటు చాలా బళ్ళల్లో ఉంది, అది మారకపోతే క్లాసులో ఎంత చెప్పినా పిల్లలు నమ్మరు. పిల్ల వచ్చి తన మీద జరిగిన లైంగిక వేధింపు చెప్తే, పిల్లల్ని అట్లాంటి నేరాల నుంచి కాపాడే పోక్సో చట్టం 19వ సెక్షన్ కింద పోలీసులకి చెప్పి తీరాలని చాలామంది టీచర్లకి తెలీదు, పరువు పోతుందని సర్దేస్తారు, దాని మీద ప్రతి హెడ్‌మాస్టర్‌కీ ట్రైనింగ్ తప్పనిసరి చేయండి.

ఇంకోటి, ఊళ్ళో ఇట్లాంటి విషయాలన్నీ డ్వాక్రా మీటింగుల్లోనే చెప్తారు, అక్కడ ఉండేది ఆడవాళ్ళే. మెగా పేరెంట్ టీచర్ మీటింగ్ పెడుతున్నారు కదా, దానికి నాన్నల్ని తప్పకుండా రమ్మనండి, అందులో అరగంట దీనికివ్వండి. సొంత పిల్లల ముందు, సొంత ఊరి టీచరు అడిగితే వాళ్ళు వింటారు, నేను చూశాను.

జూన్‌లో బళ్ళు తెరిచే లోపు ఈ ఆర్డర్ వస్తే మొదటి వారం నుంచే మొదలుపెడతాం. పాఠాలు తయారు చేయడానికి టీచర్లు కావాలంటే నేను వేసవి సెలవుల్లో వచ్చి పని చేస్తాను, నాతో పాటు వచ్చేవాళ్ళు ఇంకా ఉన్నారు.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్,
నెల్లూరు జిల్లా