ఎల్ట్స్ కోట ట్రిప్పు: ఈ సీజన్ నుంచి మార్పులు

ఫ్రాంక్‌ఫర్ట్ నుంచి మన వ్యాన్‌లో వచ్చేవాళ్లందరికీ నమస్తే. జర్మనీలో మోసెల్ నది ప్రాంతంలోని ఎల్ట్స్, కోఖెమ్ కోటలు రెండూ ఒకే రోజు చూపించే ప్యాకేజీ ఈ సీజన్ నుంచి ఆపేస్తున్నాను. ఇక రోజంతా ఎల్ట్స్ ఒక్కటే. రేటు మాత్రం తగ్గదండి. ముందే చెప్పేస్తే నయం.

"ఒక్క కోటకి రోజంతా దేనికి?" అని వాట్సాప్‌లో చాలామంది అడిగారు. కోఖెమ్ చూడ్డానికి బాగానే ఉంటుంది, కాదనను. కానీ దాన్ని 1689లో ఫ్రెంచి సైన్యం పేల్చేసింది. 1868లో బెర్లిన్ వ్యాపారి ఒకాయన ఆ శిథిలాలు కొని, తన అభిరుచికి తగ్గట్టు మళ్లీ కట్టించుకున్నాడు. ఆ ఫ్రెంచి యుద్ధంలోనే ఎల్ట్స్ మాత్రం బతికిపోయింది. కోట సొంతదారులైన ఎల్ట్స్ వంశానికి చెందిన హన్స్ ఆంటన్ ఫ్రెంచి సైన్యంలో అధికారి, ఆయన అడ్డుపడ్డాడు. కోట ఇప్పటికీ ఆ కుటుంబానిదే. ఆ వంశం పేరు 1157 నాటి దస్తావేజులోనే సాక్షిగా కనిపిస్తుంది.

అసలు సంగతి కట్టడంలో ఉంది. 1268లో ఆ వంశంలోని అన్నదమ్ములు ముగ్గురూ కోటని వాటాలు వేసుకున్నారు. మన ఊళ్లలో మండువా ఇల్లు పంచుకుని, వాకిలి మాత్రం ఉమ్మడిగా ఉంచుకున్నట్టన్నమాట. కోట నిలబడిన బండ ఇరుకు, మూడు వైపులా ఎల్ట్స్ వాగు. పక్కకి జరిగే చోటు లేక ఎవరి వాటాలో వాళ్లు పైకి కట్టుకుపోయారు. ఆ వంశంలో ర్యూబెనాఖ్ శాఖ వాళ్ల ఇల్లు 1472కి పూర్తయితే, కెంపెనిఖ్ శాఖ వాళ్లది పదిహేడో శతాబ్దం దాకా సాగింది. లోపలి వాకిట్లో నిలబడి తలెత్తితే 35 మీటర్ల దాకా లేచిన గోడలు, పైన చెక్క చట్రాల గదులు, ఒకదానితో ఒకటి పొంతన లేని కిటికీలు. హడావిడిగా లాక్కెళ్తే ఇవేవీ కంటికి ఆనవు.

లోపల రెండు చూడండి. పడకగదిలోంచి గోడ బయటికి పొడుచుకొచ్చిన బుల్లి ప్రార్థన గూడు ఒకటి. దేవుడి పీఠానికి పైన ఉండే గదుల్లో మనుషులు కాపురముండకూడదని దాన్ని అలా బయటికి నెట్టారు. రెండోది సభామందిరంలో విదూషకుల ముఖాలు, ద్వారం మీద గులాబీ: ఇక్కడ ఏదైనా మాట్లాడొచ్చు, మాట గడప దాటకూడదు అని. ఫొటోలు మాత్రం తీయనివ్వరు. కోట గైడు చెబుతుండగా నేను మధ్యలో తెలుగులో మాట్లాడితే వాళ్లకి ఇబ్బంది కాబట్టి, నేను చెప్పాల్సింది ముందే బయట చెప్పేస్తాను.

దారిలో ఎదురు గుట్ట మీద ట్రుట్సెల్ట్స్ శిథిలం దగ్గర కూడా ఆగుదాం. 1331లో మొదలైన గొడవలో ఆ ప్రాంతాన్ని ఏలిన ట్రియర్ ఆర్చిబిషప్ బాల్డ్విన్ ఎల్ట్స్‌ని లొంగదీయడానికే దాన్ని కట్టించాడు. అక్కణ్నుంచి రాళ్లు విసిరేవాళ్లు. యూరోకి ముందు జర్మనీలో నడిచిన పాత 500 మార్కుల నోటు (1960లలో వచ్చిన రకం) దాచుకున్నవాళ్లుంటే తెచ్చుకోండి, వెనకవైపు బొమ్మ ఎల్ట్స్ కోటదే.

ఇండియా నుంచి వచ్చిన అమ్మానాన్నల్ని తీసుకొచ్చేవాళ్లకి ఒక మాట. పార్కింగ్ నుంచి చిన్న బస్సు ఉంటుంది, కానీ లోపల మెట్లు తప్పవు. మోకాళ్ల నొప్పులుంటే నిజం చెప్పండి, రైన్ నది పడవ ట్రిప్పులో వేద్దాం. అదే హాయి.

పాత ప్యాకేజీ బుక్ చేసినవాళ్లు ఇష్టమైతే ఇందులోకి మారొచ్చు, లేదంటే డబ్బు మొత్తం వెనక్కి ఇచ్చేస్తాను. కోట ఏప్రిల్ నుంచి నవంబరు మొదటి రోజుల వరకే తెరిచి ఉంటుంది, కాబట్టి క్రిస్మస్ సెలవులకి దీన్ని అడగొద్దు.