చిన్నక్షరాలను చూసి భయమెందుకు?

సంపాదకుడు గారికి,

బైబిలు ఎంతవరకు నమ్మదగినదన్న విషయంపై మీ ఆదివారం అనుబంధంలో వచ్చిన వ్యాసం, దానిపై వరుసగా వస్తున్న లేఖలు చదువుతున్నాను. నేను క్రైస్తవుణ్ణి. నా నడవడికపై లేఖనాలకే అధికారం ఉందని నమ్మేవాణ్ణి. అయినా ఈ వాదులాటలో రెండు పక్షాల మాటలూ నాకు మింగుడు పడలేదు.

325లో నైసియాలో బిషప్పుల సభ పెట్టి బైబిలులో ఏ పుస్తకాలు ఉండాలో రోమన్ చక్రవర్తి కాన్‌స్టంటైన్ తేల్చేశాడని ఒకరు రాశారు. ఆ సభకు వచ్చిన ప్రధాన తగాదా క్రీస్తు దైవత్వం గురించి. అది చేసిన 20 నియమాల్లో పుస్తకాల జాబితా ఎక్కడా లేదు. నేటి కొత్త నిబంధనలోని 27 పుస్తకాలే ఉన్న జాబితా 367లో అలెగ్జాండ్రియా బిషప్ అథనేసియస్ రాసిన ఈస్టర్ లేఖలో కనిపిస్తుంది. వాటిలో చాలా మటుకు సంఘాలు అప్పటికే తరతరాలుగా చదువుకుంటున్నవే.

ఇక మనవాళ్ల సంగతి. మొదటినుంచీ ఒక్క పొల్లు కూడా మారలేదని ఒక పాస్టర్ గారు రాశారు. చేత్తో రాసుకున్న కాలంలో నకళ్లకు తేడాలు లేకుండా ఎలా ఉంటాయి? మార్కు సువార్త 16వ అధ్యాయం 9 నుంచి 20 వరకు ఉన్న వచనాలు సినాయి, వాటికన్ ప్రతులని పిలిచే నాలుగో శతాబ్దపు గ్రీకు చేతిరాత ప్రతులు రెండింటిలోనూ లేవు. యేసు సమాధి దగ్గరికి వెళ్లిన స్త్రీలు భయపడి ఎవరితోనూ ఏమీ చెప్పలేదన్న ఎనిమిదో వచనంతో వాటిలో సువార్త ఆగిపోతుంది. ఇటీవలి అనువాదాలు చాలావరకు ఈ సంగతిని పుట అడుగున చిన్నక్షరాల్లో చెబుతాయి. వేదిక మీది నుంచి మాత్రం ఎవరూ చెప్పరు.

ఇది పండితుల కాలక్షేపం కాదు. పాములను ఎత్తి పట్టుకుంటారు, విషం తాగినా హాని కలగదు అన్న మాట ఉన్నది సరిగ్గా ఆ పన్నెండు వచనాల్లోనే. అమెరికాలో టెనసీ, కెంటకీ కొండప్రాంతాల సంఘాలు కొన్ని ఆ మాట పట్టుకుని ఆరాధనలో విషసర్పాలను చేతపడతాయి. ఆ ఆచారాన్ని వ్యాప్తి చేసిన జార్జ్ హెన్స్‌లీ 1955లో పాముకాటుతోనే పోయాడు. 2014లో జేమీ కూట్స్ అనే పాస్టరు కాటు తిని, వైద్యం వద్దని, ఇంట్లోనే ప్రాణం వదిలాడు. మన దగ్గర పాములు పట్టరు గాని, రోగుల మీద చేతులుంచితే స్వస్థత పొందుతారన్న అదే వచనపు రెండో సగం స్వస్థత కూటాల బ్యానర్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. ప్రార్థన వద్దనడం లేదు, నేనూ చేస్తాను. ఇన్సులిన్ మానేయమని చెప్పే బోధకుడు మాత్రం తాను ఆధారం చేసుకున్న వచనం చరిత్ర కూడా చెప్పి తీరాలి.

దీనివల్ల విశ్వాసం సడలుతుందా? నాకైతే సడలలేదు. 1947లో మృత సముద్రం దగ్గరి కుమ్రాన్ గుహల్లో బయటపడిన యెషయా గ్రంథపు తోలు చుట్ట ఏడు మీటర్లకు పైగా పొడవుంటుంది, 66 అధ్యాయాలూ దాదాపు పూర్తిగా ఉన్నాయి. అప్పటిదాకా ఆధారపడిన హీబ్రూ ప్రతులకన్నా అది వెయ్యేళ్లు పాతది. పక్కపక్కన పెడితే తేడాల్లో ఎక్కువ భాగం అక్షరక్రమానివి, అక్కడక్కడ మాటలవి. మాంచెస్టర్‌లోని జాన్ రైలాండ్స్ గ్రంథాలయంలో యోహాను సువార్త రాసిన పపైరస్ (రెల్లుతో చేసిన పాతకాలపు కాగితం) ముక్క ఒకటుంది. ఏటీఎం కార్డుకన్నా కాస్త పెద్దది, రెండు వైపులా రాత, పిలాతు ఎదుట యేసు విచారణ ఘట్టం. ఎక్కువమంది పండితులు దాన్ని రెండో శతాబ్దానిదిగా లెక్కిస్తారు. ఇన్ని ప్రతులు మిగిలాయి కనుకనే తేడాలు తెలుస్తున్నాయి. ఒక్కటే మిగిలి ఉంటే, తర్వాత చేరిందేదో పట్టుకునే దారే ఉండేది కాదు.

బైబిలులో పొరపాటే లేదని గట్టిగా వాదించే ఇవాంజెలికల్ పెద్దలు 1978లో షికాగోలో చేసిన ప్రకటన కూడా, దైవప్రేరణ ఖచ్చితంగా వర్తించేది రచయితలు మొదట రాసిన మూలప్రతికేనని, తర్వాతి నకళ్లకు కాదని చెప్పింది. వారిని మించి మనం గొంతు పెంచడం దేనికి? అపొస్తలుడైన పౌలు చెప్పింది నిజమో కాదో అని రోజూ లేఖనాలు పరిశోధించిన బెరయ ఊరివారిని అపొస్తలుల కార్యములు 17వ అధ్యాయం ఘనులంది. పౌలుకే లేని మినహాయింపు మన యూట్యూబ్ బోధకులకు ఎక్కడిది?

మీకో విన్నపం. ఈ చర్చను మా లేఖలతో ముగించవద్దు. గ్రీకు, హీబ్రూ నేర్పే అధ్యాపకులు మన వేదాంత కళాశాలల్లోనే ఉన్నారు. ప్రాచీన ప్రతుల గురించి, వాటి ఫొటోలతో సహా, వారిచేత నాలుగు వారాలు రాయించండి.

– ఒక పాఠకుడు, తెనాలి