మన కాలనీ పెరటితోటల సంఘం: వార్షిక నివేదిక

సభ్యులందరికీ నమస్కారం.

పోయిన మృగశిర కార్తెకు విత్తనాలు పంచుకున్నప్పటి నుంచి ఈ రోహిణి కార్తె దాకా జరిగిన పనులను మీ ముందు పెడుతున్నాం. హన్మకొండ శివారులో మనవి చాలావరకు 200 గజాల ప్లాట్లే. ఇల్లు, సంపు, బండి పెట్టుకునే జాగా పోను ప్రహరీ పొంటి నాలుగడుగుల పట్టీ మిగులుతుంది. అందులో ఏం పండిందో, ఏం పోయిందో ఉన్నదున్నట్టు రాస్తున్నాం.

ఈ ఏడు ఎవరిని కదిలించినా ఒకటే మాట: ఆనిగెపు (సొర) తీగ గోడంతా పాకింది గానీ పిందెలు వేలెడంత కాకముందే పసుపెక్కి రాలిపోతున్నాయని. తెగులనుకుని మందు కొట్టమని మొదట మేమే చెప్పాం. ఆ సలహా తప్పు. చాలామంది తోటల్లో పూతకు పుప్పొడి అందకనే పిందె నిలవలేదు.

ఆగస్టులో ఒక సభ్యురాలి పెరట్లో సాయంత్రం అందరం కూడి చూశాం. ఆనిగెపు పూలు పొద్దుగూకే వేళకు విచ్చుకుంటాయి. తెల్లటి పువ్వు కింద నూగుతో చిన్న పిందె ఉంటే ఆడపువ్వు, ఉత్త కాడే ఉంటే మగపువ్వు. ఆమె మగపువ్వు తెంపి, రేకులు ఒలిచి, నడిమి పుప్పొడిని ఆడపువ్వు మధ్యలో మెల్లగా అద్దింది, పసిబిడ్డకు బొట్టు పెట్టినట్టు. ఆ కాడలకు ఎర్రదారం కట్టి వచ్చాం. వారం తిరిగేసరికి దారం కట్టిన పిందెలు లావెక్కి కిందికి వేలాడుతున్నాయి. ఆ రోజు ఆమె ముఖం చూడాల్సింది!

బీర కూడా సాయంత్రమే పూస్తుంది. కాకర, దోస, గుమ్మడి పొద్దున్నే పూస్తాయి, వాటి పని తేనెటీగలు చూసుకుంటాయి. అందుకే పొద్దున మందు కొట్టొద్దు. పేనుబంకకు లీటరు నీళ్లకు 5 మిల్లీలీటర్ల వేపనూనె, కాస్త సబ్బునీళ్లు కలిపి, పూల మీద పడకుండా ఆకు అడుగున చల్లితే సరిపోతుంది. బతుకమ్మకు గుమ్మడిపూలు కోసేటప్పుడు మగపూలే కోయండి. తీగకు నాలుగైదు ఉంచినా చాలు, పండుగా సాగుతుంది, కాయా నిలుస్తుంది.

సంక్రాంతి దాటాక పందిరి చిక్కుడు పెట్టినవారికి ఆకులే మిగిలాయి. మన పాత రకాలు పొద్దు తగ్గే కాలంలోనే పూస్తాయి, జూన్, జులైలోనే విత్తాలి.

పుంటికూర, కొయ్యగూర అందరికీ బాగా వచ్చాయి.

2025లో భౌగోళిక గుర్తింపు వచ్చిన మన వరంగల్ చపాట మిర్చిని కొందరు కుండీల్లో పెట్టారు. టమాటలా బొద్దుగా, ఎర్రగా, కారం తక్కువగా ఉండే ఈ కాయ పచ్చడికి పెట్టింది పేరు. మూడొంతుల మొక్కలకు ఆకుముడత వచ్చింది. బతికిన మొక్కల గింజలు దాచాం, కానీ పక్కన వేరే మిరప ఉంటే పుప్పొడి కలిసి రకం మారిపోతుంది. ఈసారి విడిగా పెంచే ఇల్లు ఒకటి కావాలి. ముందుకొచ్చేవారు చెప్పండి.

ఒక నష్టం కూడా చెప్పాలి. బయట కొన్న ఎరువు లోడులో గాజుపెంకులు, ప్లాస్టిక్ ముక్కలు వచ్చాయి. ఒక సభ్యుడి చెయ్యి కోసుకుపోయింది. అమ్మినవారు డబ్బు తిరిగి ఇవ్వలేదు. ఇకపై బస్తా విప్పి చూడనిదే కొనం. వీలైనంత వరకు కూరగాయల తొక్కలు, ఎండుటాకులతో ఇంట్లోనే చేసుకుందాం.

లెక్కల పుస్తకం కోశాధికారి ఇంట్లో ఉంది, ఎవరైనా చూసుకోవచ్చు. వచ్చే మృగశిరకు విత్తనాలు తెచ్చేవారు పొట్లం మీద రకం పేరు, ఎండబెట్టిన నెల రాసి తేవాలని మనవి.

ఇట్లు,
కార్యదర్శి