జేసన్ ఫైళ్ల దిగుమతిలో బ్యాచ్ నంబర్లు, బిల్లులు గల్లంతు కావడంపై ఫిర్యాదు

వినియోగదారుల సేవా విభాగం అధికారి గారికి,

అయ్యా,

మాది గుంటూరులో మందుల టోకు వ్యాపారం. బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌నూ, అది రోజూ రాత్రి తయారుచేసే జేసన్ ఫైలును (ప్రతి వివరాన్నీ దాని పేరుతో, అంటే 'కీ'తో, జతగా రాసే ఫైలును) మా ఎస్‌క్యూఎల్ సర్వర్ 2019 డేటాబేస్‌లోకి ఎక్కించే ప్రొసీజర్‌నూ (డేటాబేస్‌లో నడిచే ఆదేశాల వరుసనూ) మీ దగ్గరే కొన్నాం. మీరు పంపిన తాజా అప్‌డేట్ తరువాత మా టేబుళ్లలో డేటా పాడైపోతోంది. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, ఎర్రర్ ఏదీ రాలేదు కాబట్టి ఫైలు సరిగ్గా ఎక్కినట్టేనని చెప్పారు. నా అభ్యంతరం సరిగ్గా ఆ మాట మీదే. ఎర్రర్ వచ్చి ఆగిపోవలసిన చోట మీ ప్రొసీజర్ ఆగడం లేదు.

అమ్మకాల టేబుల్‌లో అప్‌డేట్ చేసిన రోజు నుంచి బ్యాచ్ నంబర్ కాలమ్ అంతా నల్, అంటే విలువే లేదు. మందు పేరు ఉంది, పరిమాణం ఉంది, ధర ఉంది, బ్యాచ్ ఒక్కటీ లేదు. అదే రోజు జేసన్ ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే బ్యాచ్ నంబర్లన్నీ భద్రంగా ఉన్నాయి. మారింది ఒక్కటే: ఇంతవరకు చిన్న 'బి'తో మొదలైన కీ పేరును అప్‌డేట్‌లో పెద్ద 'బి'తో రాశారు. దిగుమతి ప్రొసీజర్‌లో మాత్రం పాత పేరే ఉంచారు. మామూలు కొలేషన్‌లో (అక్షరాలను పోల్చే నియమాల్లో) కాలమ్ పేర్లకు చిన్న, పెద్ద అక్షరాల తేడా ఉండదు. జేసన్ పాత్‌కు, అంటే ఏ కీని వెతకాలో చెప్పే దారికి, ఆ తేడా కచ్చితంగా ఉంటుంది. పైగా జేసన్‌ను టేబుల్ వరుసలుగా మార్చే ఓపెన్‌జేసన్‌లో విత్ కింద ఇచ్చే పాత్‌కు మోడ్ చెప్పకపోతే అది 'లాక్స్' కిందే లెక్క. వెతికిన కీ దొరక్కపోయినా నోరెత్తదు, నల్ ఇచ్చి ముందుకు సాగుతుంది. పాత్ ముందు 'స్ట్రిక్ట్' అని ఒక్క మాట చేర్చి ఉంటే మొదటి రాత్రే ఎర్రర్ వచ్చేది, మర్నాడు ఉదయానికల్లా సరిచేసుకునేవాళ్లం. తప్పనిసరి వివరాలకు స్ట్రిక్ట్, ఉన్నా లేకున్నా ఫర్వాలేని వాటికి లాక్స్ అనే విచక్షణ మీ ప్రొసీజర్‌లో ఎక్కడా కనిపించలేదు. టేబుల్‌ను సృష్టించిన స్క్రిప్టూ మీదే. బ్యాచ్ కాలమ్‌కు 'నాట్ నల్' (ఖాళీగా వదలకూడదన్న షరతు) కూడా పెట్టలేదు.

మందుల వ్యాపారంలో బ్యాచ్ నంబర్ అలంకారం కాదు. ఒక బ్యాచ్ నాణ్యత పరీక్షలో విఫలమైందని ఔషధ నియంత్రణ అధికారులు ప్రకటిస్తే, ఆ సరుకు ఏయే దుకాణాలకు వెళ్లిందో వెంటనే తేల్చి వెనక్కి రప్పించాలి. ఇప్పుడు అలాంటి ఉత్తర్వు వస్తే మా టేబుల్‌లో వెతికి లాభం లేదు, కాగితం బిల్లులు ఒక్కొక్కటీ తిరగేయాలి. ఈలోగా ఆ మందు ఎవరైనా రోగి చేతికి వెళ్తే జవాబు ఎవరు చెప్పాలి?

రెండో లోపం అప్‌డేట్‌కు ముందు నుంచే ఉందని ఇప్పుడు తేలింది. ధర సవరణ కోసం మేమిచ్చే క్రెడిట్ నోట్‌లలో (దుకాణదారులకు మినహాయింపు రాసిచ్చే పత్రాల్లో) సరుకు వరుసలు ఉండవు, ఫైలులో ఐటమ్‌ల అర్రే (జాబితా) ఖాళీగా వస్తుంది. మీరు బిల్లునూ ఐటమ్‌లనూ క్రాస్ అప్లైతో (ఐటమ్ ఉంటేనే బిల్లును చూపే పద్ధతితో) కలిపారు. ఖాళీ అర్రేకు క్రాస్ అప్లై వరుస ఇవ్వదు. ఆ ఫలితం నుంచే బిల్లుల టేబుల్‌నూ నింపుతున్నారు కాబట్టి క్రెడిట్ నోట్ మొత్తంగా మాయమవుతోంది. దుకాణదారులకు రావలసిన మినహాయింపు మా ఖాతాల్లో కనబడక వారితో మాట పడుతున్నాం. అవుటర్ అప్లై (ఐటమ్ లేకున్నా బిల్లును ఉంచే పద్ధతి) వాడినా, బిల్లుల టేబుల్‌ను విడిగా ముందే నింపినా ఈ సమస్య ఉండదు.

మూడో లోపం: తెలుగులో ఉన్న దుకాణాల పేర్లు గజిబిజి లాటిన్ అక్షరాలుగా మారుతున్నాయి. దానికి కారణం ఫైలును సింగిల్ క్లాబ్‌గా (యూనికోడ్ కాని పాఠంగా) చదవడం. మీ ఫైలు యూటీఎఫ్-8లో (అన్ని భాషల అక్షరాలనూ బైట్లుగా రాసే పద్ధతిలో) ఉంది, అందులో ఒక్కో తెలుగు సంకేతానికి మూడు బైట్లు. మీ ప్రొసీజర్ ఒక్కో బైటును ఒక్కో అక్షరంగా తీసుకుంటోంది. తెలుగు జిల్లాల్లో అమ్మే సాఫ్ట్‌వేర్‌ను ఒక్క తెలుగు పేరుతోనైనా పరీక్షించకుండా పంపడం నాకు నిజంగా బాధ కలిగించింది.

ఈ లేఖ అందిన పదిహేను రోజుల్లో సరిచేసిన ప్రొసీజర్ పంపండి. ఫైలు మొత్తం ఒకే ట్రాన్సాక్షన్‌లో ఎక్కాలి, ఎక్కడ తప్పు వచ్చినా అంతా వెనక్కి రావాలి. ఫైలులోని బిల్లుల సంఖ్య, టేబుల్‌కు చేరిన బిల్లుల సంఖ్య సరిపోల్చి చూపాలి. పాత ఫైళ్లన్నీ మా దగ్గర ఉన్నాయి. వాటిని మళ్లీ ఎక్కించి, పోయిన బ్యాచ్ నంబర్లనూ క్రెడిట్ నోట్‌లనూ తిరిగి చేర్చే పని మీ ఖర్చుతో మీ మనుషులే చేయాలి. ఇకమీదట ఏ కీ పేరు మార్చినా ముందుగా రాతపూర్వకంగా తెలియజేయాలి. అంతవరకు వార్షిక నిర్వహణ రుసుము చెల్లింపును నిలిపివేస్తున్నాం.

భవదీయుడు,
కంప్యూటర్ విభాగం బాధ్యుడు

జతపరచినవి: అప్‌డేట్‌కు ముందు, తరువాత వచ్చిన రెండు జేసన్ ఫైళ్లు, అమ్మకాల టేబుల్ నకలు, చేరని క్రెడిట్ నోట్‌ల జాబితా.