ప్రశ్నల పట్టిక గురించి

రావులపాలెం

ప్రియమైన సుధాకర్‌కు,

అరటి తోటల కూలీలకు సాగు గురించి ఎంత తెలుసో, ఆ తెలియడం వేటిమీద ఆధారపడుతుందో కొలవడానికి నువ్వు తయారుచేసిన ప్రశ్నల పట్టిక చదివాను. వయసు, చదువు, అనుభవం అన్నీ అడిగావు గానీ, ఆ మనిషి తోటలో చేసే పని ఏమిటో అడగలేదు. నా దృష్టిలో ముందు అడగవలసింది అదే.

మా వైపు పిలకలు తవ్వేవారు వేరు, గెలలు కోసేవారు వేరు, కలుపు తీసే ఆడవాళ్లు వేరు. పిలకలు తవ్వే మనిషి సన్నని ఆకుల కత్తి పిలకను ఉంచి, వెడల్పాటి ఆకులున్న నీటి పిలకను కనబడగానే తీసేస్తాడు. ఇది ఏ శిక్షణలోనూ నేర్చుకున్నది కాదు. గెల కోసేవాడు కాయ అంచులు ఎంతవరకు గుండ్రబడ్డాయో చూసి, సరుకు దూర ప్రాంతానికి వెళ్లేదైతే ముప్పావు వంతు పక్వానికే కోస్తాడు, దగ్గర సంతకైతే ఇంకొన్నాళ్లు ఆగమంటాడు. అతన్నే మొక్కకు ఎన్ని గ్రాముల పొటాష్ వేయాలని అడిగితే చెప్పలేడు, ఎందుకంటే ఆ లెక్క రైతూ ఎరువుల కొట్టువాడూ చూసుకుంటారు. నీ పట్టిక ప్రకారం అతనికి ఏమీ తెలియదని తేలుతుంది!

అయితే అనుభవం నేర్పలేనివి కూడా ఉన్నాయి. అమృతపాణి రకం అరటి తోటలను దెబ్బతీసే పనామా తెగులునే తీసుకో. అడుగు ఆకులు పసుపెక్కి కాండం చుట్టూ వేలాడటం, మొదలు చీలడం వాళ్లు ఇట్టే గుర్తుపడతారు. కానీ ఆ తెగులు తెచ్చే శిలీంధ్రం మట్టిలో ఏళ్ల తరబడి బతికి ఉంటుందనీ, గునపానికి అంటిన మట్టితోనూ, జబ్బు తోటలో తవ్విన పిలకతోనూ పక్క తోటకు చేరుతుందనీ చెప్పినవారు లేరు. రోజుకొక తోటలో పనిచేసేది కూలీలే కనుక, ఈ సంగతి రైతుకన్నా వాళ్లకే ఎక్కువ అవసరం. కొవ్వూరులో అరటి మీద పనిచేసే పరిశోధన స్థానం మనకు దగ్గరే ఉన్నా, శిక్షణ అనగానే పిలుపు భూమి ఉన్నవాడికే వస్తుంది; ఒకవేళ కూలీని పిలిచినా, ఆ రోజు కూలి డబ్బులు ఎవరిస్తారు?

ఆకుల మీద సిగటోకా అనే ఆకుమచ్చ తెగులు మచ్చలను చాలాసార్లు మొదట చూసేది కలుపు తీసే ఆడవాళ్లే. చూసిన సంగతి ఎవరికి చెబుతారో, చెబితే వింటారో లేదో కూడా అడుగు. ఈ ప్రశ్నలు చేర్చి పట్టికను మళ్లీ పంపు. గెలలు కోసేవాళ్లను కలిపే బాధ్యత నాది.

నీ
రమణ