పిస్టన్ల లాట్ వెనక్కి పంపేశా, అందుకే మీ బ్లాకులు లేటవుతున్నాయి

అందరికీ నమస్తే అండి. బోరింగ్‌కి, అంటే అరిగిన సిలిండర్ లోపలి గోడని కోసి కాస్త పెద్దది చేయడానికి, బళ్ల బ్లాకులు (సిలిండర్లు) ఇచ్చి వెళ్లినవాళ్లు రోజూ ఫోన్లు చేస్తున్నారు, ఒక్కొక్కళ్లకీ సగం సగం చెప్పే బదులు ఉన్నదంతా ఇక్కడే రాస్తున్నా. మీ బ్లాకులు కడిగి ఆయిల్ రాసి షాపులో భద్రంగా ఉన్నాయి, ఒక్కటీ బోర్ కొట్టలేదు. కావాలనే ఆపా.

స్ప్లెండర్‌కి 0.50 ఓవర్‌సైజ్ పిస్టన్లు, అంటే 50 ఎంఎం బోర్‌ని 50.50 చేసి వేసేవి, ఒక లాట్ తెప్పించా. ఏళ్ల తరబడి నాకు సరుకిచ్చే సప్లయరే. పిస్టన్ చేతికొచ్చి కొలిస్తే గానీ నేను సిలిండర్ ముట్టుకోను, డబ్బా మీద అంకె చూసి కొట్టే అలవాటు మా షాపులో లేదు. పిన్ను రంధ్రానికి అడ్డంగా, స్కర్ట్ (పిస్టన్ కింది భాగం) అంచుకి కాస్త పైన మైక్రోమీటర్ పెట్టా. మొదటిది 50.47 ఎంఎం, బాగానే ఉంది. పక్కదేమో 50.42! ఒకే లాట్‌లో ఇదేంటండీ అంటే "ఎవరికీ రాని కంప్లైంట్ నీకే ఎందుకొచ్చింది" అన్నాడు. ఇన్నేళ్లు చెప్పిన రోజుకి డబ్బు కట్టినవాడితో అనాల్సిన మాటేనా అది?

అప్పుడు నిజంగా నలిగిపోయా. చిన్నగా వచ్చినవాటికి 50.45 కొట్టేసి ఇచ్చేయొచ్చుగా అని మా కుర్రాడే అన్నాడు, పిస్టన్‌కీ గోడకీ మధ్య గ్యాప్ సరిపోతుంది, బండి స్టార్టవుతుంది, ఎవరికీ తెలీదు. కానీ పిస్టన్ చుట్టూ ఉండే రింగులు 50.50 బోర్‌కి చేసినవి కదా, బోర్ 0.05 తగ్గితే రింగ్ మూతి దగ్గర, అంటే రెండు కొనల మధ్య, ఉండే ఖాళీలో 0.15 ఎంఎం దాకా పోద్ది, చాలా రింగులకి ఉండే ఖాళీయే అంత. ఇంజిన్ వేడెక్కగానే రెండు కొనలూ గుద్దుకుని కొత్త బోర్‌ని గీకేస్తాయి. కొనలు ఆకురాయితో అరగదీయొచ్చు, నాకూ వచ్చు ఆ పని. కానీ సైజే సరిగ్గా పెట్టలేనివాడు లోహం మాత్రం సరైనది పోశాడని ఏం నమ్మకం? రాత్రంతా ఆలోచించి పొద్దున్నే లాట్ మొత్తం వెనక్కి పంపేశా, బాగున్నవాటితో సహా.

ఇంకోటి, 0.25 ఓవర్‌సైజ్‌తో సరిపోయేదానికి 0.50 వేస్తున్నానని ఎవరో అన్నారట. మనసుకి కష్టమేసింది. నేను రెండిటికీ తీసుకునే కూలి ఒకటే. 0.25 అంటే గోడకి ఒక్కో వైపు పోయేది 0.125 మాత్రమే, సీజైన (పిస్టన్ సిలిండర్‌లో పట్టేసిన) బండికి సైలెన్సర్ వైపు గోడ మీద గోరు తగులుకునేంత గీతలుంటే అంతలో పోవు. గీత మిగిలితే మళ్లీ ఆయిల్ తింటది, మళ్లీ పొగ, మళ్లీ ఖర్చు. పోయేట్టుంటే నేనే 0.25 వేస్తా, బ్లాక్‌కి ఇంకోసారి బోర్ కొట్టుకునే ఛాన్స్ మిగులుతుంది. అనుమానమున్నవాళ్లు రండి, సిలిండర్ లోపల కొలిచే బోర్ గేజ్ మీ ముందే పెడతా, పైన, మధ్యలో, కింద.

కంపెనీ పిస్టన్లు వేరేచోట ఆర్డర్ పెట్టా, రేటు ఎక్కువే, అయినా ముందు మాట్లాడుకున్నవాళ్ల దగ్గర రూపాయి కూడా ఎక్కువ తీసుకోను. పాలకి తిరిగే బళ్లు ముందు చేస్తా, మిగతావాళ్లు కొంచెం ఓర్చుకోండి. ఆగలేమంటే బ్లాక్ పట్టుకెళ్లండి, ఏమీ ఇవ్వక్కర్లేదు. పిస్టన్ మీరే తెచ్చుకున్నా సరే, కానీ కొలత తేడా వస్తే మాత్రం బోర్ కొట్టను, ఎంత దగ్గరవాళ్లైనా.